తొలి వానకు వచ్చే బొచ్చు పెంకు పురుగులు: ఆడది ఎగరకపోవడమే అసలు కథ

నమస్తే అండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. శాన్ డియాగోకి తూర్పున కొండ వాలులో ఈ ఏడాదే ఇల్లు కొనుక్కున్నారు. నవంబరులో మొదటి గట్టి వాన పడిన రాత్రి వరండా లైటు కింద పదిహేను, ఇరవై పెద్ద పెంకు పురుగులు వచ్చి పడ్డాయి. పైన నున్నగా, నల్లగా ఉన్నాయి, కింద పొట్ట నిండా బొచ్చు. తెల్లారేసరికి సగం చచ్చిపోయాయి, నాలుగైదు స్విమ్మింగ్ పూల్‌లో తేలుతున్నాయి. ఊరి నుంచి వచ్చిన మీ అమ్మగారు "వానతో వచ్చాయి కదా, ఆరుద్ర పురుగుల్లాంటివే అయ్యుంటాయి, చంపకండి" అన్నారు. పురుగుల మందు కొట్టే మనిషి మాత్రం వీటి పిల్లలు నిమ్మచెట్టు వేళ్ళు తినేస్తాయని, పెరడంతా మందు పోయిస్తే మంచిదని చెప్పాడు. మీరు నెట్‌లో వెతికితే "రెయిన్ బీటిల్, 26 జాతులు" అని కనిపించింది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటే అన్ని జాతులు ఎందుకు, వీటితో ప్రమాదం ఉందా, మందు కొట్టించాలా అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెప్తాను. ఇవి కుట్టవు, కరవవు. కరవడానికి వీటికి తెరుచుకునే నోరే లేదు. ఇంట్లో గింజలకీ బట్టలకీ వీటి వల్ల ఏ నష్టమూ ఉండదు. మందు కొట్టించకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే వీటి కథంతా చెప్పాలి. నేను వ్యవసాయ కీటకశాస్త్రం చదువుకుని, కొన్నేళ్ళు ఒరెగాన్ పండ్ల తోటల్లో, తర్వాత చాలా ఏళ్ళు కాలిఫోర్నియాలో పని చేశాను. ఈ పురుగుల కోసం వానలో టార్చిలైటు పట్టుకుని తిరిగిన రాత్రులు చాలానే ఉన్నాయి. అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ రెయిన్ బీటిల్స్ ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు ప్లియోకోమా. గ్రీకు మాటల్లో "నిండుగా జుట్టు ఉన్నది" అని అర్థం. ఆ పేరు ఎందుకు పెట్టారో ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది. ఫిలడెల్ఫియాకి చెందిన కీటక శాస్త్రవేత్త జాన్ లారెన్స్ లెకాంట్ 1856లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన పురుగుని చూసి మొదటి జాతిని వర్ణించారు, దానికి ప్లియోకోమా ఫింబ్రియాటా అని పేరు పెట్టారు. ప్లియోకోమిడే అనే కుటుంబంలో ఈరోజు బతికి ఉన్న ప్రజాతి ఇదొక్కటే. మన పేడ పురుగులు, వేరుశనగని పాడు చేసే వేరు పురుగులు ఉన్న పెద్ద గుంపులోనే ఇవీ ఉన్నాయి. కాకపోతే ఎప్పుడో చాలా ముందే విడిపోయిన దూరపు చుట్టాలు. వాషింగ్టన్ రాష్ట్రం దక్షిణ భాగం నుంచి ఒరెగాన్, కాలిఫోర్నియా మీదుగా మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉత్తర భాగం దాకా, ఈ ఒక్క పట్టీలోనే ఇవి బతుకుతాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. అంటే మీ వరండాలోకి వచ్చినవి ఆ నేలకే చెందినవి. బయటి నుంచి దిగుమతి అయిన చీడ కాదు.

మీ అమ్మగారి మాట దగ్గరికి వస్తాను. ఆరుద్ర పురుగు, ఇది ఒకటి కాదు. ఆరుద్ర పురుగు అసలు కీటకమే కాదు. ఎర్రటి ముఖమల్ గుడ్డలా ఉండే ఆ చిన్న జీవికి పెద్దయ్యాక ఎనిమిది కాళ్ళు ఉంటాయి, అది ఇంగ్లీషులో మైట్ అనే నల్లి జాతిది (మంచంలో ఉండే నల్లి కాదు), సాలీడుకి బంధువు. రెయిన్ బీటిల్‌కి ఆరు కాళ్ళు, గట్టి రెక్కల పెంకు. అయినా మీ అమ్మగారు పోల్చిన తీరులో ఒక నిజం ఉంది. రెండూ ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలో దాక్కుని, నేల తడిసిన వాసన కోసం కాచుకుని ఉండేవే. మన దగ్గర ఆరుద్ర కార్తె జూన్ చివర్లో వస్తుంది. కాలిఫోర్నియాలో వేసవి మొత్తం ఎండే, వానలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై మార్చి దాకా పడతాయి. కాబట్టి ఇక్కడి "తొలకరి" చలికాలపు గుమ్మంలో వస్తుంది. ఈ పురుగుల జీవితం అర్థం కావాలంటే ఈ చలి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

వీటితో పోల్చడానికి మన దగ్గర ఇంకా దగ్గరి పురుగు ఉంది. మాది అనంతపురం వైపు. నా చిన్నప్పుడు తొలకరి జల్లు పడిన సాయంత్రం పొద్దు గూకగానే మా పొలం గట్టు మీదున్న వేపచెట్టు చుట్టూ గోధుమరంగు పెంకు పురుగులు జుయ్యిమని మూగేవి. ఆడా మగా రెండూ ఎగిరొచ్చేవి, రాత్రంతా వేపాకు తినేవి, తెల్లారేలోపు మళ్ళీ మట్టిలోకి పోయేవి. ఆ మట్టిలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చేదే మా చెనక్కాయ పంట వేళ్ళు కొరికేసే తెల్లటి వేరు పురుగు. శాస్త్రంలో హోలోట్రైకియా అంటారు. దాని జీవితం ఒక ఏడాదిలో ఒక చుట్టు తిరిగిపోతుంది. నేను ఒరెగాన్ వచ్చి మొదటిసారి రెయిన్ బీటిల్‌ని చూసినప్పుడు, ఇదీ అలాంటిదే అనుకున్నాను. పైపైన చూస్తే అంతే మరి. వానకి బయటికొస్తుంది, పిల్ల పురుగు వేళ్ళు తింటుంది, ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగి తెల్లగా ఉంటుంది. కానీ మూడు విషయాల్లో ఇది పూర్తిగా వేరు. పెద్ద పురుగు ఏమీ తినదు. పిల్ల పురుగు ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆడది ఎగరలేదు. మీరడిగిన మూడు ప్రశ్నలకీ జవాబు ఈ చివరి మాటలోనే ఉంది.

మొదట పిల్ల పురుగు గురించి. లోతైన మట్టిలో గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగు పొదల వేళ్ళు, చెట్ల వేళ్ళు తింటూ బతుకుతుంది. ఓక్ చెట్లు, డగ్లస్ ఫర్ చెట్లు, మీ కొండ మీదున్న ముతక పొదలు, ఆ చోట ఏది ఉంటే దాని వేళ్ళు. ఆ వేళ్ళలో పోషకం తక్కువ, నేల చల్లన, వేసవిలో పొడి. అందుకని ఎదుగుదల చాలా నెమ్మది. స్కారబ్ గుంపులోని, అంటే పేడ పురుగులు, వేరు పురుగులు ఉన్న ఆ పెద్ద గుంపులోని పెంకు పురుగుల పిల్లలు సాధారణంగా మూడు దశల్లో ఎదిగి ప్యూపా (పెద్ద పురుగు కావడానికి ముందు కదలకుండా ఉండే దశ) అయిపోతాయి. ప్లియోకోమా పిల్ల పురుగు ఏడు దశలు కూడా దాటుతుంది. సుమారుగా ఏడాదికి ఒక్కసారి కుబుసం విడుస్తుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి 8 నుంచి 13 ఏళ్ళు పట్టవచ్చు. మీ లైటు కింద చచ్చిపడినవి మీరు ఆ ఇల్లు కొనడానికి చాలా ముందే పుట్టినవి. బహుశా ఆ వీధిలో ఇళ్ళు కట్టక ముందు ఆ పొదల కింద గుడ్డు నుంచి వచ్చినవి కూడా వాటిలో ఉండొచ్చు. ఈ సంగతి తెలిశాక చచ్చిన పురుగుని చీపురుతో ఊడ్చేయడం నాకెప్పుడూ తేలిగ్గా అనిపించలేదు.

అన్నేళ్ళు తిన్నదంతా ఒంట్లో కొవ్వుగా దాచుకుంటుంది. ప్యూపా నుంచి పెద్ద పురుగుగా మారినప్పుడు నోటి భాగాలు పనికిరానివిగా మూసుకుపోయి ఉంటాయి. ఇక దాని జీవితమంతా ఆ కొవ్వు మీదే నడవాలి. పెద్దదయ్యాక వెంటనే బయటికి రాదు. వేసవి ఎండకి రాయిలా గట్టిపడిన నేల కింద వాన కోసం కాచుకుని కూర్చుంటుంది. ఏదో నాలుగు చినుకులు పడితే చాలదు. నేల లోపలిదాకా తడవాలి. మీ ఇంటి దగ్గర అక్టోబరులో పడిన చిన్న జల్లుకి ఏమీ రాలేదన్నారు కదా, కారణం అదే.

ఇప్పుడు మగది. వాన నేలని నానబెట్టగానే అది తలతో, కాళ్ళతో మట్టి తోసుకుంటూ పైకి వస్తుంది. దాని తల ముందు భాగం చిన్న పారలా ఉంటుంది, ముందు కాళ్ళకి రంపపు పళ్ళలాంటివి ఉంటాయి, తవ్వడానికి వీలుగా. పొట్ట కింద ఉన్న బొచ్చుని చూసి చలికోటు అనుకుంటారు చాలామంది. నేనూ చాలాకాలం అలాగే చెప్పేవాణ్ణి. అది చలిని ఆపేది చాలా తక్కువని, గరుకు మట్టిలో తవ్వుకుంటూ తిరిగేటప్పుడు ఒరిపిడి తగలకుండా కాపాడటమే దాని అసలు పని అయ్యుంటుందని ఈ పురుగుల మీద పని చేసినవాళ్ళు అంటారు. మరి చలి సంగతి? బయట మనకి చేతులు కొంకర్లు పోయే చలి, మంచు కరిగే రోజుల్లో ఎగిరే జాతులు కూడా ఉన్నాయి. కీటకాల ఒళ్ళు మామూలుగా బయటి గాలి ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది, ఆ చలిలో కండరాలు పని చేయవు. రెయిన్ బీటిల్ మగది తన ఎగిరే కండరాలతో తానే వేడి పుట్టించుకుంటుంది. గాల్లో ఉండాలంటే ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాకా, అంటే దాదాపు మన ఒంటి వేడికి దగ్గరగా, నిలుపుకోవాలి. కెన్నెత్ మోర్గాన్ అనే శాస్త్రవేత్త 1987లో వీటి ఒంటి వేడి, కొవ్వు ఖర్చు, ఆడదాన్ని వెతికే తీరు మూడింటినీ కలిపి ఒక మంచి పరిశోధన ప్రచురించారు.

చల్లటి వానలో అంత వేడి నిలుపుకోవడానికి కొవ్వు మంటలా కరిగిపోతుంది. తినడానికి నోరు లేదు. లెక్క కడితే మగదానికి గాల్లో ఎగిరే సమయం మొత్తం మీద సుమారు రెండు గంటలే. పైకి వచ్చాక బతికేది కొద్ది రోజులు. పదేళ్ళ మట్టి జీవితం ఆ రెండు గంటల కోసమే. ఆ రెండు గంటల్లో ఒక గంట మీ లైటు చుట్టూ తిరగడంలో పోయిందనుకోండి, దానికి మిగిలేదేంటో ఆలోచించండి. మీరు అడగని ప్రశ్న ఇది, కానీ మీకు నేను చెప్పదలుచుకున్న మొదటి విషయం కూడా ఇదే.

ఆడది ఇంతకంటే పెద్దది, బరువైనది, ఎక్కువగా ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. దాని రెక్కలు కుదించుకుపోయి ఉంటాయి. ఎగరడానికి పెట్టాల్సిన కొవ్వునంతా గుడ్లకి పెట్టుకుంటుందని మనం అర్థం చేసుకోవచ్చు. వాన పడ్డాక తన బొరియ మూతి దగ్గరికి వచ్చి కూర్చుని వాసన వదులుతుంది. మన ముక్కుకి అందే వాసన కాదది. మగవి నేలకి దగ్గరగా, మోకాలి ఎత్తులో అటూ ఇటూ తిరుగుతూ ఆ వాసన కోసం గాలిని జల్లెడ పడతాయి. మగదాని మీసాల చివర విసనకర్రలా విచ్చుకునే రేకులు ఉంటాయి, అవి వాసన పట్టే పరికరాలు.

ఒకసారి సియెర్రా పర్వతాల దిగువన ఓక్ చెట్ల మధ్య తెల్లవారుజామున నిలబడి ఉన్నాను. సన్నటి వాన. నా కాళ్ళ పక్క నుంచి ఒక మగది వెళ్ళింది, పది అడుగులు పోయి వెనక్కి తిరిగింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగింది. ప్రతిసారీ వలయం చిన్నదవుతూ వచ్చింది. చివరికి నేల మీద పడి, రాలిన ఆకుల మధ్య పరుగెత్తి, నాకు కనిపించని ఒక కన్నంలోకి తలదూర్చి మాయమైపోయింది. నిమిషం గడవకుండా రెండోది వచ్చింది, తర్వాత మూడోది. నేను అప్పటిదాకా ఆ కన్నం మీద నుంచే రెండుసార్లు నడిచానని బూటు గుర్తు చూసి తెలిసింది. అప్పటి నుంచి వాన రాత్రి కొండల్లో బాట వదిలి అడుగు వేయను.

జత కట్టాక ఆడది బొరియలోకి తిరిగి వెళ్ళిపోతుంది. గుడ్లు అప్పటికి పండి ఉండవు. అవి తయారు కావడానికి వచ్చే వసంతం దాకా కూడా ఆగుతుంది. మగది రోజుల్లో పోతే, ఆడది ఏమీ తినకుండానే నెలల తరబడి బతుకుతుంది. తర్వాత బొరియ అడుగున, ఒక్కోసారి 3 మీటర్ల లోతు దాకా వెళ్ళి, 40 నుంచి 50 గుడ్లు చుట్లు చుట్లుగా పేర్చినట్టు పెడుతుంది. అవి పొదగడానికి ఇంకో రెండు నెలలు. 3 మీటర్లంటే ఒక మనిషి మీద ఇంకో మనిషి కూర్చున్నంత లోతు. రెండు అంగుళాలు కూడా లేని పురుగు తవ్వే లోతు అది. పైన మందు చల్లితే దిగేది ఎంత లోతుకో మీరే చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఇన్ని జాతులెందుకు? ఇప్పుడు ఒప్పుకుంటున్న లెక్క 26, 27 జాతుల దగ్గర ఉంది. ఉపజాతులు కలిపితే ముప్పై దాటుతాయి. ఒక చిన్న ప్రజాతికి, అదీ ఒకే తీరం వెంట బతికేదానికి, ఇది చాలా ఎక్కువ. ఆడది ఎగరలేదు అన్నాను కదా. కొత్త చోట పురుగు వంశం మొదలవ్వాలంటే అక్కడ గుడ్లు పడాలి. గుడ్లు మోసేది ఎగరలేదు, తన బొరియ మూతి దాటి పెద్దగా కదలదు. అంటే తరతరాలుగా ఈ వంశం జరిగే దూరం నడకతో కూడా కాదు, పాకుడుతో కొలవాలి. పైగా ఒక తరానికి పదేళ్ళు. మధ్యలో ఒక నది, ఒక లోయ, ఒక ఉప్పు నేల వచ్చిందంటే అవతలి కొండతో సంబంధం తెగిపోయినట్టే. మగది ఎగిరి దాటవచ్చు కదా అనిపిస్తుంది. దాటినా రెండు గంటల కొవ్వుతో ఎంత దూరం పోతుంది? అలా విడిపోయిన గుంపులు వేల, లక్షల ఏళ్ళు ఎవరి కొండ మీద అవి ఉండిపోయి వేరు వేరు జాతులయ్యాయి.

పేర్లు వరసగా చదివితే పటం చదివినట్టే ఉంటుంది. సొనోమే అంటే సొనోమాది, తులారెన్సిస్ అంటే తులారేది, షాస్టెన్సిస్ షాస్టాది, వెంచురే వెంచురాది, లూసియా శాంటా లూసియా కొండలది, ఒరెగొనెన్సిస్ ఒరెగాన్‌ది. మీ వైపు నల్లగా కనిపించేది ఎక్కువగా పంక్టికాలిస్ అనే జాతి. మీ వర్ణన దానికే సరిపోతోంది, అయినా ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పను. 1930ల నుంచి గోర్టన్ లిన్స్లీ అనే కాలిఫోర్నియా శాస్త్రవేత్త వీటిలో చాలా జాతులకి పేర్లు పెట్టారు. తర్వాతి తరంలో ఫ్రాంక్ హోవోర్ దక్షిణ కాలిఫోర్నియా కొండల్లో దశాబ్దాలు వీటి వెంట తిరిగి, ఒక కొత్త జాతికి ఆ పెద్దాయన పేరే పెట్టారు, లిన్స్లీయై అని.

"చూడ్డానికి ఒకేలా ఉన్నాయి" అన్నారు. దూరం నుంచి చూస్తే అంతే. దగ్గరగా చూస్తే పొట్ట కింద బొచ్చు రంగు మారుతుంది, నలుపు, ఎరుపు, పసుపు కలిసిన గోధుమ. పైన పెంకు నలుపో, ముదురు ఎరుపో. నేను మొదట చూసేది మాత్రం మగదాని మీసాలు. చివరి రేకులు ఎన్ని, ఎంత పొడవు అన్నది జాతిని బట్టి మారుతుంది. ట్రైఫోలియాటా అని ఒకదాని పేరు, మూడు ఆకులది అని. ఆక్టోపజైనా అని ఇంకొకటి, ఎనిమిది పుటలది అని. శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లలో నాకు బాగా ఇష్టమైన పేరు ఈ రెండోది. వానలో ఒక పురుగు ఎనిమిది పుటల పుస్తకం తెరిచి గాలిని చదువుతున్నట్టు ఉంటుంది. ఇంకా ఎగిరే వేళలు కూడా వేరు. కొన్ని తెల్లవారుజామున, కొన్ని పొద్దు గూకాక మొదలై రాత్రి బాగా పొద్దుపోయేదాకా, కొన్ని వాన వెలిసిన మర్నాడు ఎండ వచ్చాక పదకొండు గంటల వేళ. మొదటిసారి పట్టపగలు ఎండలో రెయిన్ బీటిల్ ఎగరడం చూసి వేరే పురుగనుకుని వదిలేశాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

ఆడవి దొరకడం చాలా అరుదు కాబట్టి వర్గీకరణ అంతా దాదాపు మగవాటి మీదే నడిచింది. అందువల్ల జాతుల హద్దులు ఇప్పుడున్నట్టే ఎప్పటికీ ఉంటాయని నేను అనుకోను. జన్యు పరీక్షలు పెరిగేకొద్దీ కొన్ని కలుస్తాయి, కొన్ని విడిపోతాయి. కాబట్టి 26 అన్న అంకె మీద పట్టుదల పెట్టుకోకండి.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది. ఈ పురుగులు ఇప్పుడున్న చోట్లని పటం మీద గుర్తు పెడితే, గత ఇరవై ముప్పై లక్షల ఏళ్ళలో హిమానీనదాల కింద నలగని, లోతట్టు సముద్రాల్లో మునగని నేలలే ఎక్కువగా తేలుతాయి. మంచు పట్టిన చోట పోయాయి, నీళ్ళు నిండిన చోట పోయాయి. ఆ తర్వాత మంచు వెనక్కి తగ్గినా, సముద్రం ఇంకినా, రెక్కలున్న పురుగులు తిరిగి వచ్చినట్టు ఇవి రాలేకపోయాయి. అంటే మీ కొండ మీద ఇవి ఉన్నాయంటే, ఆ నేల అంత కాలంగా నేలగానే ఉందని అర్థం. ఎక్కువ జాతులు కొండ ప్రాంతాల్లోనే ఉన్నా, సాక్రమెంటో లోయలో, దక్షిణాన ఎడారి అంచుల్లో, తీర మైదానంలో కూడా చిన్న చిన్న గుంపులు మిగిలి ఉన్నాయి.

ఇప్పుడు మందు మనిషి చెప్పినది. అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. ఒరెగాన్‌లో హుడ్ రివర్, వాస్కో కౌంటీల్లో ఆపిల్, పియర్, చెర్రీ తోటలు ఉన్నాయి. అక్కడ క్రినిటా, మైనర్, ఒరెగొనెన్సిస్ లాంటి జాతుల పిల్ల పురుగులు పండ్ల చెట్ల వేళ్ళు తింటాయి. 1950లలో ఒరెగాన్ స్టేట్ కాలేజీకి (ఇప్పుడది విశ్వవిద్యాలయం) చెందిన పాల్ రిచర్, ఆయనతో పనిచేసినవాళ్ళు దాని మీద గట్టిగా పరిశోధన చేశారు. ఇవాళ మనకి ఈ పురుగు జీవితం గురించి తెలిసిన దాంట్లో పెద్ద భాగం అలా రైతుల ఇబ్బంది వల్లే తెలిసింది. నేను ఆ తోటల్లో పనిచేసినప్పుడు ఒక పెద్దాయన తన పియర్ చెట్టు ఏళ్ళ తరబడి కాపు తగ్గుతూ వస్తోందని తీసుకెళ్ళి చూపించారు. పక్కన తవ్వితే నడుము లోతు వచ్చాక ఒకదాని తర్వాత ఒకటి, బొటనవేలంత లావు పిల్ల పురుగులు. చెనక్కాయ చేలో వేరు పురుగు చూసి నాన్న తల పట్టుకున్న రోజు గుర్తొచ్చింది, ఆ పెద్దాయన బాధ నాకు బాగా తెలిసిన బాధ. కానీ అక్కడ జరిగింది ఏమిటో చూడండి. ఆడది ఎగిరి తోటలోకి రాలేదు కదా. నాకు అర్థమైనంతలో, అడవి కొట్టి తోట వేసినప్పుడు అవి అప్పటికే ఆ మట్టిలో ఉన్నాయి. తినే వేళ్ళు పోయాయి, కొత్త వేళ్ళు వచ్చాయి, అవి తింటూ ఉండిపోయాయి. తోటే వాటి మీదికి వచ్చింది.

మీ పెరట్లో అలాంటి పరిస్థితి లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి నిమ్మచెట్లు రెండు, అవీ పచ్చగా కాపు మీద ఉన్నాయి. కంచె అవతల కొండంతా పొదలే, ఆ మగవి అక్కడి నుంచి లైటు చూసి వచ్చినవే అయ్యుంటాయి. మగవి గుడ్లు పెట్టవు కాబట్టి లైటు కింద ఇరవై పడినంత మాత్రాన మీ పెరట్లో ఇరవై కుటుంబాలు వెలిసినట్టు కాదు. నిమ్మాకు పసుపెక్కితే ముందు నీరు ఎక్కువైందా, ఇనుము తక్కువైందా చూడండి. ఈ ప్రాంతంలో కారణం చాలాసార్లు అదే. మందు పోస్తే చచ్చేది వానపాములు, మట్టిలోని మంచి పురుగులు. లోతున ఉన్నవాటికి అది సరిగ్గా అందను కూడా అందదు. డబ్బు దండగ, మీ పిల్లలు ఆడుకునే మట్టిలో విషం.

ఈ పురుగులకి నిజమైన ప్రమాదం మన వైపు నుంచే. ఒక కొండ వాలు చదును చేసి ఇళ్ళు కడితే, అక్కడి మట్టిలో పదమూడేళ్ళ దాకా వయసున్నవన్నీ, చిన్నవీ పెద్దవీ, ఒకేసారి పోతాయి. పక్క కొండ నుంచి వచ్చి మళ్ళీ నింపే దారి లేదు. వేరే పురుగుకైతే నాలుగేళ్ళలో తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, దీనికి ఉండదు. మీరు ఇల్లు కొన్నారని మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నేనుండే ఇల్లు కూడా అలాంటి వాలులోనే ఉంది. కానీ మిగిలి ఉన్న ఆ కంచె అవతలి పొదలని "చెత్త" అని కొట్టించేయకండి. అగ్నిప్రమాదం భయంతో ఇంటి చుట్టూ ఖాళీ ఉంచాలని అక్కడి అగ్నిమాపక నియమాలు చెప్తాయి, అది తప్పకుండా పాటించండి. ఆ నియమం చెప్పిన దూరం దాటాక మట్టిని ట్రాక్టరుతో తిరగేయించకుండా వదిలేయండి, అంతే చాలు.

ఇంట్లో చేయగలిగినవి చాలా తేలిక. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, గట్టి వాన సూచన ఉన్న రాత్రులు వరండా లైటు ఆపేయండి. భద్రత కోసం కావాలంటే మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టుకోండి, అదీ పసుపు రంగుది అయితే మేలు. తెల్లటి లైటుకి వచ్చినంతగా పురుగులు దానికి రావు. పూల్‌కి ఒక వల కప్పండి, లేదా ఒక కర్ర పలక అంచు నుంచి నీళ్ళలోకి వాలుగా పెట్టండి, పడినవి ఎక్కి వస్తాయి. తెల్లారి నీళ్ళలో కనిపిస్తే చచ్చిందనుకోకుండా తీసి పొదల కింద తడి నేల మీద పెట్టి చూడండి. చల్లబడి కదలకుండా ఉన్నది అరగంటలో లేచి నడవడం నేను చాలాసార్లు చూశాను. చచ్చినవాటిని పారేయకుండా రెండు మూడు ఒక చిన్న డబ్బాలో ఎండబెట్టి, తేదీ, చోటు రాసిన చీటీ పెట్టి ఉంచండి. మీ ఊళ్ళోని సహజ చరిత్ర మ్యూజియం వాళ్ళకి అలాంటి నమూనాలు పనికొస్తాయి.

వచ్చే వానకి మీ అమ్మగారిని కూడా తీసుకుని కంచె దాకా వెళ్ళండి. తెల్లవారుజామున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టండి. మగవి ఒకే చోట చుట్టూ తిరుగుతున్నాయంటే ఆగిపోండి, ముందుకు అడుగు వేయకండి. వేలు పట్టేంత కన్నం ఒకటి, పక్కన తాజాగా తోసిన మట్టి కనిపిస్తే అది ఆడదాని బొరియ కావచ్చు. తవ్వకండి, ఫోటో మాత్రం తీయండి. మగదాన్ని చేతిలోకి తీసుకుని, మీసాలు విచ్చుకున్నప్పుడు పక్క నుంచి ఒకటి, వెల్లకిలా తిప్పి పొట్ట బొచ్చు కనిపించేలా ఒకటి తీసి వదిలేయండి. ఎన్ని గంటలకి తీశారో, అంతకు ముందు ఎంత వాన పడిందో కూడా రాసి ఇక్కడే పెట్టండి. రేకులు లెక్కపెట్టి అది పంక్టికాలిస్ అవునో కాదో చెప్తాను.